మొదటి డైలాగు

"ఇక కళ్ళు మూసేసుకోండి హనుమంతు గారూ, నేను చెప్పేదాకా తెరవొద్దండీ" అన్నాడు మేకప్ చేసే రిత్విక్. మూసుకునే ముందు హనుమంతు గోడ గడియారం చూశాడు. పదకొండూ ఇరవై. చల్లటి పలచటి ముద్ద ఒకటి నుదుటి మీద పడి, వాజలీన్ పూసిన కనుబొమల మీదుగా జారి, రెప్పలను కప్పి, చెంపల మీదికి, పెదవుల మీదికి పాకింది. పుదీనా వాసన. పళ్ళ డాక్టర్లు పళ్ళ అచ్చు తీయడానికి వాడే మందే ఇదీ, భయపడొద్దన్నాడు. దీని మీద తడి ప్లాస్టర్ పట్టీలు వేస్తారు, అవి గట్టిపడతాయి, అప్పుడు మొహం అచ్చు ఊడి వస్తుంది, ఆ అచ్చును బట్టి రబ్బరుతో కోతికీ మనిషికీ నడిమి జీవి మొహం ఒకటి తయారుచేస్తారు. మనిషి పుట్టుక మీద ఏదో సిరీస్ అట. నలభై నిమిషాలు కదలకూడదు. "మాట్లాడకూడదు, నవ్వకూడదు, ఏడవకూడదు. ఊపిరాడకపోతే కుడిచెయ్యి ఎత్తండి, వెంటనే తీసేస్తాం" అంది రిత్విక్ దగ్గర పనిచేసే లాస్య. ఏడవకూడదన్నది ఆ పిల్ల సరదాకే అన్నది. చెవుల్లో దూది. ముక్కుకు రెండు రంధ్రాలు. లోకమంతా ఆ రెండు రంధ్రాల్లోంచే వస్తోంది, చల్లగా లోపలికి, వేడిగా బయటికి. బయట ఫిలింనగర్ గల్లీలో ఎక్కడో బండ కొడుతున్నారు, ఆ మోత చెవులతో కాక పళ్ళతో వినపడుతోంది.

చీకట్లో తన దవడ బరువు తనకు తెలిసింది. యాభై నాలుగేళ్ళుగా మోస్తున్న దవడ, ముందుకు పొడుచుకొచ్చిన దవడ. మంగళవారం పుట్టిండు, దవడ చూస్తే స్వామి దవడనే, ఇంకేం పేరు పెడ్తరు అని వాళ్ళవ్వ నలుగురిలో చెప్పుకునేది. హనువు అంటేనే దవడ అని తర్వాత గుడి అయ్యగారు చెప్పాడు. సూర్యుణ్ణి పండనుకొని ఎగిరితే ఇంద్రుడు వజ్రాయుధంతో కొట్టిండు, దవడ వాచింది, ఆ దెబ్బ పేరే స్వామి పేరు అయింది. దెబ్బ పేరు అవుతుందా? అవుతుంది. ఆ దవడ పట్టుకునే అతను ఇరవయ్యారేళ్ళ కింద దేవరకొండ దిక్కు నుంచి కృష్ణానగర్ వచ్చాడు. ఆ దవడ పట్టుకునే పౌరాణికం ఎక్కడ తీసినా వానరమూకలో మొదటి వరుసలో నిలబెట్టారు. తోక, గద, ఒంటికి బొచ్చు, రాళ్ళు మొయ్యడం, జై అనడం. నూరుమందితో కలిసి జై అనడమే, ఒక్కడిగా ఒక్క మాట లేదు. ఒక్క మాట దొరికితే చాలనుకున్న రోజులున్నాయి. కెమెరా అతని మీదుగా పోయేది, అతని దగ్గర ఆగేది కాదు. గల్లీలో మాత్రం అట్లా కాదు. హనుమాన్ జయంతికి అతను కిరీటం పెట్టి, మూతి కట్టి, సిందూరం పూసుకొని నడిస్తే ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి కాళ్ళు కడిగేవాళ్ళు. ఆ ఒక్క రోజు కాళ్ళు అతనివి కావు. వేషం విప్పాక కూడా కాసేపటిదాకా తనవి అనిపించేవి కావు. అట్లా నమ్మాడు. అట్లా నమ్మడం తప్పా? మనోజ ఎప్పుడూ తప్పనలేదే. చిన్నప్పుడు ఆ తోకను తనే కట్టేది, ముడి గట్టిగా పడిందా నాన్నా అని అడిగేది.

ఆ పిల్లే డిగ్రీలో జంతుశాస్త్రం తీసుకుంది. ఓనాడు పుస్తకం తెచ్చి ఒళ్ళో పెట్టింది, దాంట్లో పుర్రెల బొమ్మలు, లక్షల ఏండ్ల కిందివట. చూడు నాన్నా, వీని దవడ నీ లెక్కనే ఉన్నది, అని అతని మొహం మీద వేళ్ళు పెట్టి తడిమింది. ఇదిగో ఈ కనుబొమ ఎముక, ఇదిగో ఈ కొస. చల్లటి వేళ్ళు. ఇప్పుడు ఈ ముద్ద పాకినట్టే పాకాయి, కాకపోతే అవి నవ్వుతున్న వేళ్ళు. మరి కోతి మన తాతనా బిడ్డా అంటే, తాత కాదు నాన్నా, పాలోళ్ళు, అంది. ఒక ముత్తాతకు పుట్టి వేరుపడ్డ పాలోళ్ళు. పాలోళ్ళంటే పంచాయతే గదనే అన్నాడతను. భార్య ఎల్లమ్మ కూడా నవ్వింది. ఇద్దరూ నవ్వితే ఆమె నవ్వుతుంది, కారణం అడగదు. తర్వాత మనోజ ఆ పుర్రె బొమ్మను పెద్దగా గీసి గోడకు తగిలించింది, స్వామి పటం పక్కనే ఇంకో మేకుకు. ఏడేళ్ళు ఆ రెండూ ఒకే గోడ మీద ఉన్నాయి, ఒకే అగరుబత్తి పొగ పీల్చాయి. పంచాయతీ రాలేదు. ఒక్క గదిలో వేలాడిన రెంటికీ ఊళ్ళో చోటెందుకు చాలలేదు? రామా. మనసులో అంటే ఎంత గట్టిగా అన్నా మొహం కదలదు, అదొక్కటే సుఖం. శ్రీగురు చరణ సరోజరజ... తర్వాతేంది? రోజూ పొద్దున పళ్ళు తోముకుంటూ కూడా చదివే చాలీసా, తర్వాతి ముక్క గుర్తు రావడం లేదు. పెదాలు కదిలితేనే గుర్తొస్తుందా ఏంది, మనసుకు రాదా? మనసులో లేదా?

ప్లాస్టర్ పట్టీలు వేస్తున్నారు. ఒక్కో పట్టీ తడిగా పడి బరువు పెంచుతోంది. వెచ్చబడుతుంది, మామూలేనండీ, అన్న రిత్విక్ మాట దూది అవతలినుంచి, నీళ్ళలోంచి వచ్చినట్టు వచ్చింది. పదో తరగతి పిల్లలకు మనోజ చెప్పిన పాఠమూ అట్లా దూది అవతలినుంచే చేరింది జనానికి. షేక్‌పేటలో ఆమె చెప్పే బడివాళ్ళే పాఠాలు రికార్డు చేసి తల్లిదండ్రుల గ్రూపులో పెడతారు. వెన్నెముక చివర వేలు పెట్టి చూసుకోండి, అక్కడొక చిన్న ఎముక తగులుతుంది, అది తోక గుర్తు, అని చెప్పింది. ఒక పిల్ల లేచి, టీచర్, మరి మనల్ని దేవుడు చెయ్యలేదా అని అడిగింది. దేవుడి సంగతి నాకు తెల్వదు బిడ్డా, అది మీ ఇంట్ల పెద్దోళ్ళనడుగు, నాకు ఎముక సంగతి తెలుసు, గదే చెప్త, అంది. అంతే. ఎవరో ముందు ముక్క, వెనక ముక్క కోసేశారు. దేవుడి సంగతి నాకు తెల్వదు అన్నంతవరకే మిగిలింది, దానికి ముందు ఎక్కడిదో తోక మాట అతికించారు, హనుమంతుడి బొమ్మ పెట్టి. రెండు రోజుల్లో గల్లీ అంతా పాకింది. బడి ముందు నలుగురు, తర్వాత నలభై. మనోజ అప్పుడు ఏడవలేదు. పుస్తకంల ఉన్నదే చెప్పిన, సర్కారు అచ్చేసిన పుస్తకం, పరీక్షల వస్తది, అని ఒకటే మాట. ఆమె దవడ కూడా తనదే. బిగిస్తే ముందుకొస్తుంది.

అప్పుడు నర్సింహ వచ్చాడు. జయంతి ఊరేగింపు నడిపించేది అతనే, చెడ్డవాడేం కాదు, మనోజకు జ్వరమొస్తే బండి మీద దవాఖానకు తీసుకుపోయినవాడే. అన్నా, నువ్వొక్క మాట జెప్తే సల్లారుతది, తండ్రే తప్పన్నడంటే ఇంకెవడు గా పిల్ల జోలికొస్తడు, అన్నాడు. నిజమే అనిపించింది. బిడ్డను కాపాడుకుందామనే, అవును, అందుకే ఒప్పుకున్నాడు. అందుకేనా? ఇక్కడ, ఈ గట్టిపడుతున్న చీకట్లో, అబద్ధమాడి ఎవరిని నమ్మించాలి? వేషం కట్టుకొని చెప్పు అన్నా, అప్పుడే జనం వింటరు, అన్నాడు నర్సింహ. కట్టుకున్నాడు. తోక తనే ముడేసుకున్నాడు. మేడ మీద నిలబెట్టారు, వెనక కాషాయం జెండా, మొహం మీద ఎండ సరిగ్గా పడేట్టు. నర్సింహ తమ్ముడు ఫోను పట్టుకొని దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చాడు. మొహం ఒక్కటే కనపడేంత దగ్గరికి. ఇరవయ్యారేళ్ళలో అంత దగ్గరికి ఎవరూ కెమెరా తేలేదు. పక్కన నూరుమంది లేరు, మాట ఒక్కడిదే. లోపల ఏదో లేచింది. దేవుడే లేచిండనుకున్నాడు. "నేను స్వామి దాసుణ్ణి. నా బిడ్డ బడిల చెప్పింది తప్పు. చదువు తలకెక్కి కన్ను గానలేదు. కన్నతండ్రిగ సిగ్గువడుతున్న. ఆ మాట వాపసు తీసుకోవాలె." ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాడు. సిగ్గువడుతున్న అన్నచోట కళ్ళు దించి, వాపసు అన్నచోట ఎత్తాడు. ఒక్క టేకు. నర్సింహ చప్పట్లు కొట్టాడు, ఏం జెప్పినవన్నా అన్నాడు, ఆ చప్పట్లకు ఒళ్ళు జలదరించింది. బిడ్డ గురించి చెప్పాడా తను? డైలాగు చెప్పాడు. వచ్చిన మొదటి డైలాగు.

ఆ సాయంత్రమే మనోజ సంచి సర్దుకుంది. మోతీనగర్‌లో స్నేహితురాలి గదికి పోతున్నానంది. అరవలేదు, ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండు, కొట్టినా బాగుండు. ఎల్లమ్మ తలుపు దాకా వెళ్ళి, తప్పు జెయ్యనప్పుడు తల వంచకు బిడ్డా, అంది. ఎల్లమ్మకు అక్షరం రాదు. జూబ్లీహిల్స్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది, ఆ ఇంటివాళ్ళకు నా బిడ్డ సైన్సు టీచరు అని మొదటి రోజే చెప్పుకుంది. అతనితో మాట్లాడక ఎనిమిది రోజులు. అన్నం పెడుతుంది, అటు తిరుగుతుంది. గోడ మీద పుర్రె బొమ్మ లేదు, మనోజ తీసుకుపోయింది, మేకు మిగిలింది. స్వామి పటం ఒక్కటే ఉంది. దానికేసి చూడలేక ఇటు తిరిగి పడుకుంటున్నాడు. ఇంతలో రిత్విక్ ఫోను. భీమవరం మనిషి, మర్యాదస్థుడు. "ఆ వీడియోలో మీ దవడ చూశానండీ, ఎంత బాగుందో, మాకు సరిగ్గా అలాంటిదే కావాలి" అన్నాడు. వీడియోలో మాటలు అతను విన్నాడో లేదో. హనుమంతు నర్సింహకు చెప్పలేదు, ఎల్లమ్మకు చెప్పలేదు, వస్తానన్నాడు. ఎప్పుడో మనోజ ఈ సిరీస్ చూస్తుంది. నాన్న గా మొఖమే పెట్టుకున్నడు, నేను చెప్పిన మొఖమే, అనుకుంటుంది. నోటితో అడగలేని క్షమాపణ మొహంతో అడిగినట్టుంటుంది. అట్లా అనుకొని వచ్చాడు. ఎంత తెలివితక్కువ. బిడ్డకు కావలసింది నోటిమాట, తను తెచ్చి ఇస్తున్నది దవడ. అదీ నోరు మూసి.

జేబులో ఫోను మోగింది. ఒంటిమీద మోగుతోంది, గుండె మీదే. చెయ్యి కదిలింది. "ఉండండి ఉండండి, నేను తీస్తా" అని లాస్య తీసింది. "హలో... అవునండీ... మాట్లాడలేరండీ, మొహానికి ప్లాస్టర్ వేశాం... మీరెవరండీ?" తర్వాత లాస్య గొంతు అతని చెవి పక్కకొచ్చింది. "మీ అమ్మాయటండీ. స్పీకర్ పెడతాను, వినండి. కదలొద్దు." చెవిలోంచి దూది తీసింది. లోకం ఒక్కసారిగా దగ్గరికొచ్చింది.

"నాన్నా, ఇంటున్నవా? మాట్లాడరాదట గదా. మంచిదే. నువ్వు మాట్లాడితే నేను చెప్పలేను." వెనక పిల్లల గోల. బడిలోనే ఉంది. "బడోళ్ళు మాఫీ కాయితం రాసిచ్చిన్రు నాన్నా. పన్నెండింటికి గ్రౌండ్ల పిల్లలందరి ముందట చదవాలె. రాజీనామా ఇచ్చి పోదునే గని పదో తరగతి పిల్లలకు నెల రోజులల్ల పరీక్షలు, ఇప్పుడు ఇంకెవరొస్తరు వాళ్ళకు చెప్పతందుకు." ఊపిరి వినిపించింది. "అందరు అంటే కొట్లాడిన. నువ్వన్నంక చేతగాలే." కాయితం మడిచిన చప్పుడు. "ఒకటి అడుగుదామని చేసిన. పొద్దట్నుంచి చదువుకుంట చూస్తున్న, నోరు తిరుగుతలేదు. నీ వీడియో మల్లమల్ల చూసిన. ఎక్కడ తడబడలే నువ్వు. నమ్మి చెప్పినవా నాన్నా, డైలాగు లెక్క చెప్పినవా? డైలాగు లెక్కనైతే ఎట్ల చెప్తరో నాకు గూడ..." గంట మోగింది అవతల. "పోతున్న. నువ్వు ఫికర్ చెయ్యకు." తెగిపోయింది.

లాస్య ఫోను జేబులో పెట్టింది. ఏమనుకుందో, మెల్లగా దూది తిరిగి చెవిలో పెట్టింది. టైమెంత? ఎవరైనా చెప్పండి టైమెంత. కుడిచెయ్యి ఎత్తితే తీసేస్తారు. ఎత్తు. చెయ్యి కుర్చీ చేతిని పట్టుకుంది, లేవడం లేదు. ఇరవయ్యారేళ్ళు కదలకుండా నిలబడ్డవాడి చెయ్యి అది. చీమ కుట్టినా, ఎండకు కళ్ళు తిరిగినా, మీద కట్టిన తీగలు కోసుకుపోయినా, కట్ అనేదాకా కదలకపోవడమే అతని పనితనం. ఇప్పుడు కట్ ఎవరంటారు? నమ్మి చెప్పినవా? నమ్మిన. స్వామిని నమ్మిన. నా బిడ్డ తప్పు అన్నది నమ్మలే. ఒక్కనాడూ నమ్మలే. ఈ రెండూ ఒకే నోట్లోంచి ఎట్లా వచ్చాయి? స్వామీ, సముద్రం దాటినవ్ గదా, షేక్‌పేట ఎంత దూరం, పో, పోయి ఆ పిల్ల నోరు ముయ్యి, ఆ కాయితం గాలికి ఎగిరిపోనియ్యి, మైకు చెడిపోనియ్యి. ఏమీ కాదు. తెలుసు. అట్లా కాదని అతనికి ఎప్పుడూ తెలుసు. స్వామి వస్తే ఎవరి కాళ్ళతోనో రావాలి. పట్టీలు రాయిలా బిగిశాయి, లోపల కన్నీళ్ళకు పోయే దారి లేదు, రెప్పల కింద మంట. కాళ్ళెవరివి మరి? లే. ముక్కులోంచి వచ్చే గాలి చాలడం లేదు. చచ్చిపోతే ఇట్లనే ఉంటదా, అంతా వినపడుతూ, జవాబు చెప్పరాకుండా.

చెయ్యి లేచింది. పైకెత్తలేదు, మొహం మీదికే పోయింది. వేళ్ళు ప్లాస్టర్ అంచు దొరికించుకొని లాగాయి. "అయ్యో ఏంటండీ ఇదీ, ఇంకో పది నిమిషాలండీ!" అని రిత్విక్ చేతులు పట్టుకోబోయాడు, తర్వాత ఆ వేళ్ళు ఆగేట్టు లేవని చూసి తనే అంచులు వదులు చేశాడు. అచ్చు రెండుగా చీలి ఊడింది. వెలుతురు సూదుల్లా గుచ్చింది. పన్నెండుకు పది. "మాఫ్ చెయ్యి సారూ" అన్నాడో అనలేదో, మెట్లు దిగుతున్నాడు. తలకు రబ్బరు టోపీ, చెంపల మీద తెల్లటి పెచ్చులు. ఆటో. "షేక్‌పేట, జల్ది." డ్రైవరు అద్దంలో చూసి, "సిమెంట్ల పడ్డవా ఏంది కాకా?" అన్నాడు. జవాబు వేరేవాళ్ళకు ఇవ్వాలి, దాన్ని నోట్లో తడి ఆరకుండా పట్టుకున్నాడు. డైలాగే బిడ్డా, నమ్మలే. డైలాగే బిడ్డా. ఫోను చేశాడు, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు, స్విచాఫ్. ముందు నీళ్ళ ట్యాంకరు, దాని వెనక బడి బస్సు, ఎవరి పెళ్ళో ఊరేగింపు సగం రోడ్డు మీద. ఫ్లైఓవరు ఎక్కే చోట ఆటో నిలిచిపోయింది. ఆ చెయ్యి ఎత్తడానికి ఎంతసేపు కూర్చున్నాడు? రెండు నిమిషాలా, పదా? లోపల లెక్క తెలియలేదు. ఆ నిమిషాలు ఇప్పుడు ఈ ట్యాంకరు వెనక నిలబడి ఉన్నాయి. దిగాడు. పరుగెత్తాడు. యాభై నాలుగేళ్ళ కాళ్ళు, మోకాళ్ళలో రాళ్ళు. పాత ఊరి గల్లీల్లో జనం తప్పుకున్నారు, ఆ మొహం చూసి.

గేటు ఇంకా నూరు గజాలుండగానే మైకు వినపడింది. మనోజ గొంతే. "...పదో తరగతి గదిలో నేను అన్న మాటలు పలువురి విశ్వాసాన్ని గాయపరిచాయి. మానవుని పుట్టుక గురించి నేను చెప్పినది నా అజ్ఞానం వల్ల..." కాయితం భాష, ఎవరో రాసిచ్చిన భాష. గేటు మూసి ఉంది. వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు, ఎవలు నువ్వు, ఏంది గీ మొఖం, అన్నాడు. గ్రిల్లు పట్టుకొని "మనోజా!" అని అరిచాడు. అరిచిన గొంతు అతనిదే, కానీ మైకు పెద్దది. ఆరేడు వందల మంది పిల్లలు ఎండలో వరుసల్లో కూర్చున్నారు, ఒక్క తల తిరగలేదు. మెట్ల మీద మనోజ, ఆకుపచ్చ చీర. చదువుతోంది. అజ్ఞానం అన్నచోట కళ్ళు దించింది. క్షమించాలి అన్నచోట ఎత్తింది. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపింది. ఎక్కడా తడబడలేదు. అయిపోయాక పిల్లలు చప్పట్లు కొట్టారు, ఎవరేం చదివినా కొట్టినట్టే.

ఆమె గేటు దగ్గరికి రావడానికి చాలా సేపు పట్టింది. వాచ్‌మన్‌తో మా నాన్న అని చెప్పింది, అతను పక్కకు జరిగాడు, గేటు మాత్రం తియ్యలేదు. గ్రిల్లులోంచి చెయ్యి చాపి అతని కనుబొమ మీద అంటుకున్న తెల్ల ముద్దను గోటితో పట్టి తీసింది. వెంట్రుకలు కూడా వచ్చాయి. అతను కదలలేదు.

"డైలాగే బిడ్డా" అన్నాడు. దారంతా పట్టుకొచ్చిన మాట. నోరు ఎండి సగమే వచ్చింది. "నమ్మి చెప్పలే. ఒట్టు. డైలాగు లెక్కనే చెప్పిన."

మనోజ ఆ ముద్దను వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడింది. వెనక పిల్లలు వరుసగా లేచి తరగతులకు పోతున్నారు.

"నేను గూడ గట్లనే చదివిన నాన్నా" అంది. "గా పిల్లలకు గది తెల్వదు గదా."

గంట కొట్టారు. తర్వాతి పీరియడ్ పదో తరగతికే. అమ్మకు చెప్పకు అని, ఆమె లోపలికి వెళ్ళిపోయింది.